పూర్తయిన ప్రాజెక్టు కాగితాలే సాక్ష్యం: ఒక ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ నైపుణ్యాల అంచనా

శిక్షణ కోర్సులను రూపొందించే ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్లు ఏడాదికోసారి తమ గురించి తాము నింపే స్వీయ అంచనా పత్రాలు చదవడం నా పనిలో భాగం. ‘మెరుగుపడాల్సిన అంశాలు’ అన్న గడిలో దాదాపు అందరూ రాసేది ఒకటే. ఫలానా ఆథరింగ్ టూల్ (కోర్సులు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఇంకా లోతుగా నేర్చుకోవాలి, యానిమేషన్ నేర్చుకోవాలి, ఈమధ్య అయితే ఏఐ నేర్చుకోవాలి. ఒప్పుకున్నా పరువు పోని లోపం సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాబట్టి ఆ గడిలో అది కాపురం పెట్టేసింది. ఇక బలాల గడిలో సృజనాత్మకత, గడువులోగా పని పూర్తి చేయడం ఉంటాయి. ఈ పత్రాన్ని చూసి ఎవరికి ఏ పని అప్పగించాలో, ఎవరికి ఎక్కడ తోడు కావాలో చెప్పడం నా వల్ల కాదు.

అందుకని వేరే దారి పట్టాను. అయిపోయిన ప్రాజెక్టు ఒకటి తీసుకుని, దాని కాగితాలన్నీ ముందు పెట్టుకుని, అందులోని ఒక్కో నిర్ణయం ఎవరు తీసుకున్నారు, దేన్ని చూసి తీసుకున్నారు అని అడుగుతూ పోతాం. అంతే. ఈ కేసు అలా చేసిన ఒక అంచనా. డిజైనర్ అనుమతితోనే రాస్తున్నాను. ఆమె పేరు, సంస్థ పేరు, క్లయింటు పేరు ఇక్కడ అక్కర్లేదు.

డిజైనర్, ఆమె వేసుకున్న మార్కులు

కార్పొరేట్ శిక్షణ కోర్సులు తయారుచేసే హైదరాబాద్ సంస్థలో ఆమె డిజైనర్. అంతకుముందు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పేవారు. బడి నుంచి ఈ రంగంలోకి వచ్చినవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. పాఠం చెప్పిన అనుభవం ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ అడ్డొస్తుందో ఈ కేసులో రెండూ కనిపిస్తాయి. లీడ్ హోదాకు ఆమె పేరు పరిశీలనలో ఉంది. మామూలుగా కాకుండా గట్టిగా చూడమని ఆమే అడిగారు. నేను ఆమె టీములో లేను, ఆ ప్రాజెక్టులోనూ లేను. అది కలిసొచ్చింది.

పత్రంలో 5కు ఆమె వేసుకున్న మార్కులు ఇవి: స్టోరీబోర్డు (కోర్సులో ఏ తెర మీద ఏముండాలో చెప్పే రాతప్రతి) రచన 4, అవసరాల విశ్లేషణ 4, మూల్యాంకనం (కోర్సు పనిచేసిందో లేదో కొలవడం) 4, దృశ్య రూపకల్పన 3, క్లయింటు వ్యవహారాలు 3, ఆథరింగ్ టూల్స్ 2. మెరుగుపడాల్సిన అంశం ఏమిటో చెప్పనక్కర్లేదు.

ఈ అంకెలను పక్కన పెట్టి, ఏయే కోణాల నుంచి చూడాలో గుర్తు చేసుకోవడానికి ఇబ్స్‌ట్‌పీ ప్రమాణాలను తీసుకున్నాను. శిక్షణ, పనితీరు, బోధన రంగాల ప్రమాణాల కోసం ఏర్పడిన ఈ అంతర్జాతీయ బోర్డు ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ల సామర్థ్యాల జాబితాను 1986లో మొదట ప్రకటించి, 2000లో, మళ్లీ 2012లో సవరించింది. 2012 నాటి జాబితాలో 5 విభాగాలు, 22 సామర్థ్యాలు, వాటి కింద 105 వాక్యాలు ఉన్నాయి. ఆ 105 వాక్యాల ఎదుట టిక్కులు పెట్టుకుంటూ పోతే మధ్యాహ్నానికి నిద్ర వస్తుంది తప్ప ఏమీ తేలదు. ఏ మూలైనా చూడకుండా వదిలేస్తున్నామా అని చివర్లో సరిచూసుకోవడానికే వాడాను.

ప్రాజెక్టు ఎంపికకు ఒక్కటే షరతు పెట్టాను. గొప్పగా వచ్చినదీ వద్దు, గొడవైనదీ వద్దు. గొప్పగా వచ్చినదాన్ని చూస్తే పొగడ్త మిగులుతుంది, గొడవైనదాన్ని చూస్తే సంజాయిషీ మిగులుతుంది. మామూలుగా నడిచి, మామూలుగా ముగిసి, బిల్లు కూడా వచ్చేసినది కావాలి. ఆమె ఒక మందుల కర్మాగారం కోసం తెలుగులో చేసిన మాడ్యూల్‌ను ఎంచుకున్నారు.

ప్రాజెక్టు

మాత్రలు తయారుచేసే యూనిట్ అది. లాగ్‌బుక్కుల్లో, బ్యాచ్ రికార్డుల్లో కొన్ని వివరాలు పని జరిగినప్పుడు కాకుండా ఆ తర్వాత రాసినట్లు అంతర్గత ఆడిట్‌లో తేలింది. మందుల పరిశ్రమలో ఇది చిన్న విషయం కాదు. రికార్డుల విశ్వసనీయత మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2023 డిసెంబరు చివర్లో మందుల తయారీ నియమాలుండే షెడ్యూల్ ఎంను సవరించి ఉత్పత్తి ప్రమాణాలను కట్టుదిట్టం చేసింది. ఆడిట్‌లో లోపం దొరికితే దిద్దుబాటు చర్య ఏమిటో నాణ్యతను చూసే క్యూఏ విభాగం రాయాలి. అక్కడ ఎక్కువసార్లు పడే మాట ‘మళ్లీ శిక్షణ’. ఇక్కడా అదే పడింది. కంప్రెషన్ (పొడిని అదిమి మాత్రలు చేసే) విభాగం ఆపరేటర్లకు తెలుగులో ఈ-లెర్నింగ్ మాడ్యూల్ కావాలని ఆర్డరు వచ్చింది.

మేము ముందు పెట్టుకున్నవి: మొదటి సమావేశం మినిట్స్, క్లయింటు ఈమెయిళ్లు, ఎస్ఓపీ (పని ఎలా చేయాలో చెప్పే పత్రం), అవసరాల విశ్లేషణ పత్రం, స్టోరీబోర్డు మొదటి ప్రతి నుంచి చివరి ప్రతి దాకా, రివ్యూ వ్యాఖ్యల షీటు, ప్రశ్నల బ్యాంకు, ఎల్ఎంఎస్ (కోర్సు నడిపి ఫలితాలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్) నివేదిక, అభిప్రాయ సేకరణ ఫలితాలు.

ఆమెకు తెలియని బలం

ప్రశ్నల బ్యాంకు దగ్గర ఎక్కువసేపు ఆగాం. క్లయింటు తరఫు నిపుణుడు పంపిన మొదటి జాబితాలో ప్రశ్నలన్నీ నిర్వచనాలే. ‘ఆల్కోవాలో సి అనే అక్షరం దేన్ని సూచిస్తుంది?’ వంటివి (రికార్డులు ఎలా ఉండాలో చెప్పే ఐదు ఇంగ్లిష్ పదాల మొదటి అక్షరాలే ఆల్కోవా, అందులో సి అంటే జరిగినప్పుడే రాయడం). ఆమె రెండో ప్రతిలో దాన్ని కొట్టేసి రాసిన ప్రశ్న ఇది:

‘ప్రతి అరగంటకూ 20 మాత్రలు తూచి బరువు రాయాలి. పదిన్నరకు తూచారు. రాసేలోపే హాపర్ ఖాళీ అవుతోందని హెల్పర్ పిలిచాడు. తిరిగొచ్చేసరికి పదకొండు దాటింది. పదిన్నర బరువు మీకు కచ్చితంగా గుర్తుంది. ఇప్పుడేం చేస్తారు?’

కింద నాలుగు సమాధానాలు. పదిన్నర అనే సమయం వేసి బరువు రాయడం. ఆ గడి ఖాళీగా వదిలి పదకొండు గంటల బరువు నుంచి రాయడం. హెల్పర్ చూశాడు కాబట్టి అతనితో రాయించడం. రాస్తున్న అసలు సమయం వేసి, ఆలస్యానికి కారణం రాసి, సంతకం పెట్టి సూపర్‌వైజర్‌కు చెప్పడం.

తప్పు సమాధానాలను చూడండి. మూడూ మంచి ఆపరేటర్ మంచి మనసుతో చేసే పనులే. మోసం చేద్దామనుకునేవాడి సమాధానం ఒక్కటీ లేదు. చాలా క్విజ్‌లలో ఒక సరైన జవాబు, మూడు నవ్వు తెప్పించే జవాబులు ఉంటాయి. ఇలాంటి తప్పు జవాబులు ఎక్కడి నుంచి తెచ్చారని అడిగితే ఆమె ఆడిట్ పరిశీలనల షీటు తీసి చూపించారు. అందులో నమోదైన ఒక్కో తప్పునూ ఒక్కో జవాబుగా మలిచారు. ‘పదో తరగతి పేపర్లు దిద్దిన అలవాటు మేడమ్. పిల్లలు ఎక్కడ తప్పుతారో చూసి దాన్నే మళ్లీ ప్రశ్నలో పెట్టేదాన్ని’ అన్నారు. స్వీయ అంచనా పత్రంలో దీని ఊసే లేదు. ఆమె దృష్టిలో అది అందరూ చేసే పని.

రెండోది రివ్యూ షీటులో దొరికింది. నిపుణుడు నియంత్రణ సంస్థల చరిత్ర, హెచ్చరిక లేఖల వివరాలు కలిపి అదనపు స్లైడ్లు చేర్చమన్నారు. ఆ వ్యాఖ్య ఎదుట ఆమె జవాబు: ‘ఈ స్లైడు తీసేస్తే ఆపరేటర్ ఏ పని తప్పుగా చేసే అవకాశం ఉందో చెప్పగలరా? ఉంటే తప్పకుండా చేరుస్తాను.’ నిపుణుడి నుంచి జవాబు లేదు. ఆ సమాచారం సూపర్‌వైజర్ల కోసం విడిగా ఒక పత్రంగా మారింది. షీటు పొడవునా ఇలాంటివి ఉన్నాయి. ఆ నిపుణుడితో నేను ఫోనులో మాట్లాడితే, ‘ఆవిడతో ప్రతి స్లైడు మీదా పేచీయేనండీ, కానీ తర్వాతి ప్రాజెక్టుకూ ఆవిడనే పంపండి’ అన్నారు. క్లయింటు వ్యవహారాల్లో తనకు తాను 3 వేసుకున్న మనిషి గురించి క్లయింటు అన్న మాట ఇది. వ్యవహారం నడపడమంటే అందరితో నవ్వుతూ మాట్లాడటమని ఆమె అనుకున్నారు.

దృశ్య రూపకల్పన, టూల్స్ గురించి పెద్దగా చెప్పేది లేదు. సంస్థలో గ్రాఫిక్స్‌కు వేరే టీము ఉంది. ఆమె టూల్ పరిజ్ఞానం వల్ల ఈ ప్రాజెక్టులో ఏ పనీ ఆగలేదు. 2 మార్కులు నిజమే కావచ్చు, కానీ ఆ 2ను 4 చేయడానికి ఏడాది ఖర్చుపెట్టడం దండగ.

విశ్లేషణ: నింపిన పత్రం, వేయని ప్రశ్న

అవసరాల విశ్లేషణకు ఆమె 4 వేసుకోవడానికి కారణం ఉంది. పత్రం ఉంది, అన్ని గడులూ నిండి ఉన్నాయి. ‘పనితీరు లోపానికి కారణం’ అన్న గడిలో ‘ఆపరేటర్లకు అవగాహన లేకపోవడం’ అని ఉంది. ఎవరు చెప్పారు? క్లయింటు మెయిల్. క్లయింటుకు ఎలా తెలుసు? ఆ మెయిల్లో లేదు. ప్రశ్నల బ్యాంకులో ఒక్క వాక్యాన్నీ పరీక్షించకుండా వదలని మనిషి ఈ వాక్యాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్లు దించేశారు.

ఇక్కడే ఎల్ఎంఎస్ నివేదిక పనికొచ్చింది. కోర్సుకు ముందు ఒక పరీక్ష, తర్వాత ఒక పరీక్ష పెట్టారు. ముందు పరీక్ష పెట్టడం సంస్థ టెంప్లేటులో ఉంది కాబట్టి పెట్టారు, ఫలితాలు ఎవరూ విప్పి చూడలేదు. ఇప్పుడు చూశాం. ఆ పదిన్నర బరువు ప్రశ్నకు కోర్సు మొదలుపెట్టకముందే ఎక్కువమంది సరైన జవాబు ఇచ్చారు. ఏం చేయాలో వాళ్లకు తెలుసు. తెలిసీ చేయడం లేదు.

ఆ తర్వాత ఆమె తనంతట తానే యూనిట్ శిక్షణ సమన్వయకర్తకు ఫోను చేసి, అనుమతి తెప్పించుకుని ఒక షిఫ్టు అక్కడ గడిపి వచ్చారు. నోటు పుస్తకంలోంచి కొంత ఉన్నదున్నట్లు ఇస్తున్నాను:

‘కంప్రెషన్ గది. గోడ గడియారం లేదు, కారిడార్‌లో ఉంది. చేతి గడియారాలు, ఫోన్లు లోపలికి అనుమతి లేదు. టైము ఎలా రాస్తారని అడిగాను. హెల్పర్ బయటికి వెళ్లినప్పుడు చూసొచ్చి చెప్తాడు మేడమ్ అన్నాడు. బ్యాచ్ రికార్డు గదిలో లేదు, తనిఖీ కోసం క్యూఏ వాళ్లు తీసుకెళ్లారు. ఆ కాసేపూ విడి కాగితం వాడకూడదు. బరువులు నోటితో అనుకుంటూ గుర్తుపెట్టుకుంటున్నాడు.’

జరిగిన వెంటనే సమయంతో సహా రాయాలన్నది నియమం. ఆపరేటర్ దగ్గర సమయమూ లేదు, రాయాల్సిన పుస్తకమూ లేదు. ఎంత చక్కటి మాడ్యూల్ చేసినా కారిడార్‌లోని గడియారం గదిలోకి రాదు.

పనితీరు మీద పనిచేసిన అమెరికన్ థామస్ గిల్బర్ట్ 1978లో దీనికి ఆరు గడుల పట్టిక ఇచ్చాడు. పరిసరాల వైపు సమాచారం, సాధనాలు, ప్రోత్సాహకాలు. మనిషి వైపు జ్ఞానం, సామర్థ్యం, ప్రేరణ. శిక్షణ సూటిగా తాకేది ఇందులో ఒక్క గడిని. మిగిలిన వాటిలో సమస్య ఉంటే శిక్షణ ఇచ్చి ప్రయోజనం లేదు. ఈ పట్టిక ఆమెకు తెలుసు, అడిగితే గీసి చూపించారు. తెలిసి ఉండటానికీ వాడటానికీ మధ్య దూరం ఉంది. ఆపరేటర్ల విషయంలో ఏం జరిగిందో ఆమె విషయంలోనూ అదే జరిగింది. అది గమనించి ముందు నవ్వింది ఆమే.

ఎందుకు వాడలేదు? ఇక్కడ తొందరపడి లోపమంతా ఆమె మీద వేయడం అన్యాయం. కోర్సు తయారీని విశ్లేషణ, రూపకల్పన, అభివృద్ధి, అమలు, మూల్యాంకనం అనే దశలుగా విడగొట్టే యాడీ నమూనా 1975లో అమెరికా సైన్యం కోసం ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో రూపుదిద్దుకుంది. విశ్లేషణ మొదటి దశ. సైన్యంలో పని చేయించేదీ, శిక్షణ ఇచ్చేదీ ఒకే వ్యవస్థ, కాబట్టి విశ్లేషణ సొంతింటి వ్యవహారం. మన కోర్సుల సంస్థల్లో ఆర్డరు చేతికొచ్చేసరికే క్లయింటు ఇంట్లో ఆ దశ అయిపోయి ఉంటుంది. డిజైనర్ మొదలుపెట్టేది రెండో దశ నుంచి. బడి అనుభవం కూడా ఇక్కడే అడ్డొచ్చింది. టీచరుకు సిలబస్ పైనుంచి వస్తుంది. పాఠం ఎలా చెప్పాలన్నది ఆమె చేతిలో ఉంటుంది కానీ ఈ పాఠం అసలు కావాలా అన్నది కాదు. పేపర్లు దిద్దే అలవాటు ఎంత బలంగా ఆమె వెంట వచ్చిందో, సిలబస్‌ను ప్రశ్నించని అలవాటూ అంతే బలంగా వచ్చింది.

మూల్యాంకనం, ‘అడగలేదు’ అనే పద్దు

మూల్యాంకనానికి ఆధారాలుగా ఆమె చూపించినవి రెండు: అభిప్రాయ సేకరణలో మంచి రేటింగు, చివరి పరీక్షలో అందరి ఉత్తీర్ణత. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లు ఈ రంగంలో అందరికీ కంఠతా వచ్చు: స్పందన, నేర్చుకోవడం, పనిలో మార్పు, ఫలితం. ఆమె ఆధారాలు మొదటి రెండు మెట్లకే సరిపోతాయి. మూడో మెట్టు కొలవడానికి ఈ ప్రాజెక్టులో కొత్తగా ఏమీ చేయనక్కర్లేదు. క్యూఏ విభాగం రికార్డులను ఎలాగూ తనిఖీ చేస్తుంది, ఆలస్యంగా రాసినవి ఎన్నో అక్కడే నమోదవుతాయి. అడిగితే వచ్చేది.

అయితే కాంట్రాక్టు స్కార్మ్ ప్యాకేజీ (ఎల్ఎంఎస్‌లో ఎక్కించే కోర్సు ఫైలు) అప్పగించడంతో ముగిసిపోయింది. ఆ తర్వాత ఏం జరిగిందో చూడటానికి ఎవరికీ గంటలు కేటాయించలేదు. మరి ఇది ఆమె లోపమా, సంస్థ లోపమా? దీన్ని తేల్చడానికి నేను వాడే పద్ధతి మొరటుది కానీ పనిచేస్తుంది. ప్రతి ఖాళీనీ మూడు పద్దుల్లో ఏదో ఒకదాని కింద వేస్తాను: చేయడం రాదు, చేయనివ్వలేదు, అడగలేదు. చేయనివ్వలేదు అనాలంటే అడిగిన మెయిలో, మినిట్స్‌లో ఒక వాక్యమో చూపించాలి. అది లేకపోతే ‘అడగలేదు’ కిందికి పోతుంది.

విశ్లేషణలో ఆమెకు సగం ఊరట దొరికింది. యూనిట్ చూడాలని మొదటి సమావేశంలోనే అడిగారు, అనుమతులు కష్టమని క్లయింటు అన్నారు, మినిట్స్‌లో ఉంది. రెండోసారి అడగలేదు, ఆపరేటర్‌తో కనీసం ఫోనులో మాట్లాడతానని అడగలేదు. మూల్యాంకనంలో ఒక్క వాక్యమూ దొరకలేదు. పూర్తిగా ‘అడగలేదు’. ‘చేయడం రాదు’ కింద మాత్రం ఏమీ పడలేదు. లీడ్ హోదాకు చూస్తున్న మనిషి విషయంలో ఇది ముఖ్యమైన సంగతి. చేయడం రానివాళ్లను శిక్షణకు పంపాలి. అడగనివాళ్లను శిక్షణకు పంపితే సర్టిఫికెట్టుతో తిరిగొస్తారు, మళ్లీ అడగరు.

ఇదంతా ముందు పెట్టినప్పుడు ఆమె ఒక్కచోట గట్టిగా ఎదురు చెప్పారు. ‘శిక్షణ కావాలని క్లయింటే అడుగుతుంటే వద్దని మనమెలా చెప్తాం మేడమ్?’ న్యాయమైన ప్రశ్న. వద్దని చెప్పమని ఎవరూ అనడం లేదు. ఈ పనిని ఇప్పటికే సరిగ్గా చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఉంటే వాళ్ల దగ్గర ఏం భిన్నంగా ఉందని అడగవచ్చు. ప్రాణం మీదికి వస్తే ఆపరేటర్ ఈ పని సరిగ్గా చేయగలడా అని అడగవచ్చు. చేయగలడు అంటే అది జ్ఞానం సమస్య కాదని రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ 1970లోనే చెప్పారు. నిపుణుడిని ‘ఈ స్లైడు తీసేస్తే ఏమవుతుంది’ అని నిలదీసిన గొంతుతోనే ‘ఈ కోర్సు తీసేస్తే ఏమవుతుంది’ అని అడగడం అంత కొత్త విద్య ఏమీ కాదు. కాకపోతే మొదటిది నిపుణుడిని అడిగేది, రెండోది డబ్బు ఇచ్చేవాళ్లను అడిగేది. భయం అక్కడుంది.

ఆ తర్వాత

అభివృద్ధి ప్రణాళికలో కోర్సులేవీ రాయలేదు. ఒప్పందం మీద సంతకాలకు ముందు ఆ పని చేసేవాళ్లలో ఇద్దరితోనైనా ఆమె స్వయంగా మాట్లాడాలి. ప్రతి కొత్త ప్రాజెక్టులో క్లయింటు దగ్గర ఇప్పటికే ఉన్న లెక్క ఒకటి ఎంచుకుని, కోర్సుకు ముందు, తర్వాత ఆ అంకె ఇస్తారని రాయించుకోవాలి. కొత్త డిజైనర్లకు ప్రశ్నల తయారీ నేర్పాలి. ఈ చివరిది బహుమానంగా పెట్టింది కాదు. తనకు తెలియని బలాన్ని మనిషి అలసిపోయిన రోజున వాడటం మర్చిపోతాడు. ఇతరులకు నేర్పేటప్పుడు దానికి ఒక పద్ధతి ఏర్పడుతుంది.

మొదటి షరతు తర్వాతి ప్రాజెక్టులోనే అమలైంది. మరో క్లయింటు ముడిసరుకు తూకం విభాగానికి 40 నిమిషాల మాడ్యూల్ అడిగారు. ఆమె ముందుగా ఇద్దరు ఆపరేటర్లతో, ఒక స్టోర్ కీపర్‌తో మాట్లాడారు. ఇబ్బందంతా ఒకేలా కనిపించే లేబుళ్ల దగ్గర, తూకాల వరుస గుర్తుండకపోవడం దగ్గర ఉందని తేలింది. చివరికి తూకం బల్ల మీద అతికించే ఒక పేజీ సూచికా, పావుగంట మాడ్యూలూ తయారయ్యాయి. లేబుళ్ల రంగు మార్చమన్న సూచన క్లయింటు పరిశీలనలో ఉంది. రెండో షరతు ఇంకా కుంటుతోంది. అంకె ఇస్తామని క్లయింటు ఒప్పుకున్నారు, ఇంకా ఇవ్వలేదు. గుర్తు చేసే మెయిల్ రాయడానికి ఆమె ఇప్పటికీ మేనేజర్ వైపు చూస్తున్నారు. ప్రశ్నల తరగతి మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది. తన పాత క్విజ్‌లు పట్టుకొచ్చి చీల్చి చెండాడించుకోవడం అక్కడ వేడుకగా మారింది.

ఊహించని చిక్కు సేల్స్ వైపు నుంచి వచ్చింది. ఈ సంస్థ బిల్లు మాడ్యూల్ నిడివిని బట్టి ఉంటుంది. 40 నిమిషాలు పావుగంట అయితే బిల్లు కూడా ఆ లెక్కన తగ్గుతుంది. విశ్లేషణ బాగా చేసిన డిజైనర్ తన సంస్థకు నష్టం తెచ్చినట్లు కాగితం మీద కనిపిస్తుంది. అందుకే నా నివేదికలో ఆమెకు సంబంధించిన పేజీ తర్వాత ఇంకో పేజీ చేర్చాను. అది యాజమాన్యం కోసం: విశ్లేషణను మాడ్యూల్ నిడివితో ముడిపెట్టకుండా విడిగా ధర కట్టి కొటేషన్‌లో మొదటి పద్దుగా చూపించాలి, లేదంటే లీడ్‌ల అంచనా పత్రం నుంచి ఆ నైపుణ్యాన్ని తీసేయాలి. సేల్స్ విభాగం ఒక క్లయింటు దగ్గర విడి ధర ప్రయత్నించి చూస్తామంది. ఆ క్లయింటు ఎవరన్నది ఇంకా తేలలేదు.